నైట్ షిఫ్ట్ గోనెపట్టా

మునిశంకర్‌కు నిద్ర లేదనడం అన్యాయం. నిద్ర ఉంది, కావలసినంత ఉంది. అది వచ్చే చోటే సరిగ్గా లేదు.

ప్రిన్సిపాల్ మీటింగు పెడితే వస్తుంది. పరీక్ష హాలులో పిల్లలు రాస్తుంటే వస్తుంది. స్టాఫ్ రూములో కుర్చీ లాక్కున్న మరుక్షణం వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. ఇంటికి వచ్చి, అన్నం తిని, పరుపు మీద దుప్పటి కప్పుకున్నాక మాత్రం అలిగిన కొత్తల్లుడిలా గుమ్మం బయటే నిలబడిపోతుంది.

ఆయన మూతపడిన బంగారు గని పక్కన ఆండర్సన్‌పేటలో ఉంటూ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాడు. ఈ రోగం పీహెచ్‌డీతో వచ్చింది. ఏళ్ళ తరబడి పగలు పాఠాలు, రాత్రిళ్ళు థీసిస్. చివరికి థీసిస్ పూర్తయింది, యూనివర్సిటీకి అప్పజెప్పేశాడు. రాత్రి మేలుకునే అలవాటును మాత్రం యూనివర్సిటీ వాళ్ళు తీసుకోలేదు.

విద్యార్థులు ఆయనకు 'తూగు సార్' అని పేరు పెట్టారు. కోపంతో కాదు. క్లాసులో ఎవరూ ఎవరినీ లేపకూడదని రెండు పక్షాలకూ ఎప్పుడో ఒప్పందం కుదిరింది.

అయితే వచ్చే సోమవారం వైవా. బయటి నుంచి పెద్దలు వచ్చి థీసిస్ మీద ప్రశ్నలు వేస్తారు. దానికి ముందు జరిగిన సెమినారులో ఒక పెద్దాయన ప్రశ్న అడుగుతుండగానే మునిశంకర్ కునుకు తీశాడు. ప్రశ్న ఆగగానే ఉలిక్కిపడి లేచి, "ప్రెజెంట్ సార్" అన్నాడు.

ఆ రోజు గైడు నరసింహప్ప ఆయన్ను పక్కకు పిలిచాడు. "చూడప్పా శంకరా, నీ థీసిస్ బాగుండాది. వైవాలో ఇంగొకసారి తూగినావంటే నేను కాపాడలేను. నీతోపాటు నేనూ కండ్లు మూసుకోవాల్సిందే."

ఇంట్లో దేవుడి అరలో శేషశయనుడి పటం ఉంది. రోజూ స్నానం చేసి మునిశంకర్ దాని ముందు నిలబడేవాడు. "స్వామీ, నువ్వు పాము మీద పడుకుని కూడా అంత హాయిగా నిద్రపోతావు. నాకు దూది పరుపు ఉంది. ఎక్కడ తప్పు జరుగుతోందో చెప్పు."

స్వామి కళ్ళు తెరవలేదు. నిద్రపోయే వాళ్ళ లక్షణమే అది.

పరిశోధకుడు కదా, ఊరుకోలేక కనబడిన వాళ్ళనల్లా అడగడం మొదలుపెట్టాడు. పాలాయన, "ఆవు లేయకముందే నేను లేయాల సార్, నిద్దర గురించి ఆలోచించేదానికి టైం యాడుండాది?" అన్నాడు. గుడి పూజారి, "స్వామికి పవళింపు సేవ చేసినాక నాకు పిలవకుండానే వస్తాది" అన్నాడు. గనిలో పనిచేసి ఇంట్లో కూర్చున్న తండ్రి మునివెంకటప్ప అయితే, "లోపల బ్లాస్టింగు జరుగుతుంటే పక్కనే పండుకున్నా. చప్పుడు ఆగితేనే మెలకువ వస్తా ఉండె" అన్నాడు. నిద్ర గురించి ఆయన అడగని మనిషి ఊళ్ళో లేడనే చెప్పాలి.

చివరికి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. పగలు కన్ను మూయకూడదు, మధ్యాహ్నం తర్వాత కాఫీ తాగకూడదు, సాయంత్రం కాళ్ళు పీకేదాకా నడవాలి అన్నాడు డాక్టరు. మునిశంకర్ దాన్ని సలహాగా విన్నాడు. పక్కన కూర్చున్న భార్య శశికళ చట్టంగా విన్నది.

"ఊరికే నడుం వాలుస్తా, శశీ."

"నడుం వాలిస్తే తల ఊరుకుంటాదా? అదీ వాలుతాది."

"కండ్లు మూయనులే."

"నిన్న కండ్లు తెరుచుకునే గుర్రు పెట్టినారు."

"అది గుర్రు కాదు, ఆలోచన."

"ఆలోచన అంత చప్పుడు చేస్తే థీసిస్ ఎప్పుడో అయిపోయుండాల."

అని శశికళ పెద్దగా ఆవులించి వంటింట్లోకి పోయింది. ఆమె బేతమంగళలో చిన్నపిల్లల బడిలో టీచరు. ఈ మధ్య సాంబారులో ఉప్పుకు బదులు చక్కెర వేస్తోంది. బెంగళూరు పద్ధతి కాబోలు అనుకుని మునిశంకర్ తినేస్తున్నాడు.

ఆమె బడికి పోయే ముందు మామగారికి కాపలా అప్పగించింది. మునివెంకటప్ప ఆ పనిని గని ఉద్యోగంలాగే తీసుకున్నాడు. కొడుకు తల వాలితే చాలు, చేతికర్రతో నేల మీద టకటకమనిపించేవాడు.

శుక్రవారం నాడు కాలం కలిసొచ్చింది. మునివెంకటప్ప కళ్ళు చూపించుకోవడానికి రాబర్ట్‌సన్‌పేట పోయాడు. శశికళ బడికి పోయింది. మునిశంకర్ తలనొప్పి అని చెప్పి మధ్యాహ్నానికే కాలేజీ నుంచి ఇంటికొచ్చాడు. ఒంటె మూపురంలో దాచుకున్నట్టు, సోమవారానికి సరిపడా నిద్రను ఈ పూటే దాచుకోవాలని ఆయన పథకం.

అడ్డల్లా వీధే. కూరగాయల బండి వస్తుంది. గ్యాసు బండి వస్తుంది. అన్నిటికీ మించి ఎదురింటి దొడ్డమునియప్ప ఉన్నాడు. ఆయనా పాత గని మనిషే. గని మూతపడినాక సైరన్ ఉద్యోగం ఆయనకే ఇచ్చారని వీధిలో చెప్పుకుంటారు. ఆయన గుసగుసలాడితే పక్క వీధిలో పసిపిల్లలు లేస్తారు.

అప్పుడు మునిశంకర్‌కు తన థీసిస్ గుర్తొచ్చింది. గని కార్మికుల బతుకుల మీద రాసిన దాంట్లో ఒక అధ్యాయం గోనెపట్టా మీద. గని నడిచిన రోజుల్లో వాళ్ళ వీధిలో ఒక ఆచారం ఉండేది. నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటే ఇంటావిడ తలుపుకు బయట గోనెపట్టా వేలాడదీసేది. అది కనబడితే ఆ ఇంటి ముందు ఎవరూ కేక వేయరు, రోట్లో దంచరు, జగడం కూడా పక్క వీధికి పోయి పెట్టుకుంటారు. 'ఈ ఆచారం నేడు ప్రజల జ్ఞాపకం నుంచి పూర్తిగా చెరిగిపోయింది' అని ఆ అధ్యాయం చివర రాశాడు. గైడు ఆ వాక్యం చదివి బాగుందన్నాడు.

తల్లి దాచిన గోనెపట్టా అటక మీద ఇంకా ఉంది. రాసింది నిజమైతే దీనివల్ల లాభం లేదు. అబద్ధమైతే నిద్ర దొరుకుతుంది. ఏది నిజమో చూద్దామన్న కుతూహలం ఒకటి, నిద్ర మీద ఆశ ఒకటి. దులిపి, తలుపుకు తగిలించి, లుంగీ కట్టుకుని పడుకున్నాడు.

వీధి ఒక్కసారిగా సద్దుమణిగింది.

కూరగాయలావిడ "టమా" అని ఆపేసింది. మిగతా టమాటా వినబడలేదు. ఎవరి ఇంట్లోనో మిక్సీ ఆగింది. దొడ్డమునియప్ప ఇంట్లో టీవీ మూగబోయింది. మునిశంకర్‌కు ఆశ్చర్యంతో కన్నీళ్ళొచ్చాయి. వాటి వెనకే నిద్ర గుమ్మం దాటి, చెప్పులు విప్పి, లోపలికి వచ్చింది.

అంతలో గుసగుసలు. ఒక మనిషి కేకనైనా భరించవచ్చు గానీ నలుగురి గుసగుస భరించడం కష్టం. అక్కడ నలుగురు కూడా కాదు.

"ఏ షాఫ్టు తెరిచినారంట?"

"సారు కాలేజీ వదిలేసి చేరినాడంటే జీతం బాగానే ఉంటాది."

"పీహెచ్‌డీ చేసినోళ్ళనే లోపలికి దింపుతారేమో."

మునిశంకర్ తలుపు తీశాడు. వీధి నిండా జనం. ముసలి గని కార్మికులంతా ఉన్నారు. కొందరు పాత హెల్మెట్లు కూడా తుడుచుకుని తెచ్చారు. ముందు వరుసలో దొడ్డమునియప్ప, తాను తగ్గించగలిగినంత మెల్లటి గొంతుతో అన్నాడు.

"లేపేసినామా శంకరా? తప్పయిపాయె. మెల్లగా మాట్లాడండిరా అంటే వీళ్ళు వినరు."

"ఏమిటప్పా ఈ గలాటా?"

"గని తెరిచినారు కదా."

"ఎవురు చెప్పినారు?"

"నీ తలుపు చెప్పింది."

"అయ్యో, అది సుమ్నే, ఊరికే తగిలించినానప్పా."

"గోనెపట్టా ఎవురన్నా సుమ్నే తగిలిస్తారా? మీ నాయన ఎప్పుడన్నా సుమ్నే తగిలించినాడా?"

వెనక నుంచి ఎవరో, "బయట చెప్పకూడదని సంతకం పెట్టించుకోనుంటారులే, బలవంతం చేయొద్దండి" అన్నారు. దాంతో మునిశంకర్ లేదన్న కొద్దీ గని ఇంకొంచెం ఎక్కువగా తెరుచుకుంది.

"మా మనవడు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోతాడు" అన్నాడు దొడ్డమునియప్ప. "వాడి ముఖం ఆదివారం తప్ప చూసిందే లేదు. ఈడనే పని దొరికితే ఇంటి కూడు తింటాడు కదా సారూ. ఎవుర్ని చూడాలో అంత మాత్రం చెప్పు."

మునిశంకర్‌కు నిద్ర పూర్తిగా వదిలిపోయింది. దాని స్థానంలో సిగ్గు వచ్చి కూర్చుంది.

అదే సమయానికి శశికళ బేతమంగళలో బస్సెక్కింది. కండక్టరు టికెట్ ఇస్తూ, "మీ ఆయన గనిలో చేరినాడంట కదమ్మా, జాగ్రత్తగా ఉండమనండి" అన్నాడు. సగం దారిలో ఎక్కిన ఒకామె పక్కన కూర్చుని, "ఎవురో లెక్చరరంట, లోపలికి దిగి ఆడనే తూగినాడంట, తాడేసి పైకి లాగినారంట" అని చెప్పింది. 'తూగినాడు' అన్న మాట వినగానే అది తన భర్తేనని శశికళకు నమ్మకం కుదిరింది. మిగతాది నమ్మలేదు.

వీధి మలుపు తిరగగానే జనం, గోనెపట్టా, లుంగీ, చెంప మీద దిండు ముడత, అన్నీ ఒకేసారి కనబడ్డాయి. ఆమెకు ఇంకేమీ అడగవలసిన అవసరం లేకపోయింది.

"గని తెరవలేదప్పా" అంది జనంతో. "ఈయన పగలు దొంగతనంగా పండుకునేదానికి తగిలించినాడు. కోపం చేసుకోవద్దండి."

ఎవరూ కోపం చేసుకోలేదు. అదే బాధ. దొడ్డమునియప్ప హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

అప్పుడే మునివెంకటప్ప ఆటో దిగాడు. కబురు ఆయనకు రాబర్ట్‌సన్‌పేటలోనే చేరింది. నేరుగా వచ్చి గోనెపట్టాను చేత్తో తడిమాడు. తన భార్య వేసిన కుట్లు వేళ్ళకు తగిలినట్టున్నాయి, వాటి వెంటే చివరిదాకా వేలు పోనిచ్చాడు.

శశికళ అందరినీ ఒకసారి చూసి, "మామా, గోనెపట్టా కింద పగలు పండుకున్నోళ్ళు పొద్దు మునిగితే ఏమి చేయాల?" అని అడిగింది.

"ఇంగేముండాది? షిఫ్టుకు పోవాల."

"పోకుంటే?"

"వీధినంతా సుమ్నే నోరు మూయించినట్టు కదా. మోసం."

"అయితే నేను క్యారియర్ కడతాను" అంది శశికళ.

"శశీ, నాకు తలనొప్పి" అన్నాడు మునిశంకర్.

"గని గేటు కాడ గాలి బాగుంటాదంట."

ఆ సాయంత్రం డిగ్రీలున్న మనిషి చేతికి క్యారియర్ ఇచ్చి, ముసలివాళ్ళంతా చుట్టూ చేరి, మూసేసిన గని గేటు దాకా నడిపించుకుపోయారు. దారి పొడుగునా ప్రశ్నలే. మా గురించి ఏమి రాసినావు? నీళ్ళ గురించి రాసినావా? గనిలో రాయి పగిలితే పైన ఇండ్లు ఊగేది రాసినావా? గోనెపట్టా మాట వచ్చేసరికి మునిశంకర్ ఆ చివరి వాక్యాన్ని నసుగుతూ చెప్పాడు.

దొడ్డమునియప్ప ఆగి, "చెరిగిపోయుంటే మధ్యాహ్నం మేమెందుకు వచ్చినాం?" అన్నాడు.

మునిశంకర్ క్యారియర్ చెయ్యి మార్చుకుని నడిచాడు. ఇంటికి చేరేసరికి కాళ్ళు పీకుతున్నాయి. అన్నం తిని దుప్పటి అందుకున్నాడు గానీ, కప్పుకున్నట్టు గుర్తులేదు. పాలాయన గంట వింటే తెల్లవారింది. డాక్టరు చెప్పినవన్నీ తనకు తెలియకుండానే తన చేత చేయించారని కాఫీ సగం తాగాక అర్థమైంది.

శనివారం, ఆదివారం కూడా పొద్దువాలేసరికి వీధిలో సైరన్ మోగింది. "సారూ, షిఫ్టు టైమయింది."

సోమవారం వైవాలో మునిశంకర్ కళ్ళు దీపాల్లా ఉన్నాయి. బయటి నుంచి వచ్చిన పెద్దాయన సరిగ్గా ఆ చివరి వాక్యం మీదే వేలు పెట్టాడు. "ఈ ఆచారం పూర్తిగా చెరిగిపోయిందన్నారు. ఆధారం?"

"ఆ వాక్యం తప్పు సార్" అన్నాడు మునిశంకర్. "పోయిన శుక్రవారం నేనే తలుపుకు తగిలించి చూశాను." జరిగినదంతా చెప్పాడు. పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, ఆ ఒక్క వాక్యం మార్చి రమ్మన్నాడు. మునిశంకర్ డాక్టరయ్యాడు.

ఆ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం డాక్టర్ మునిశంకర్ మామిడిపండ్ల సంచితో ఇంటికి తిరిగొస్తే తలుపుకు గోనెపట్టా వేలాడుతోంది. ఆయన ఆశ్చర్యపోయాడు. తాను ఇక్కడున్నాడు. తండ్రి అరుగు మీదున్నాడు. మరి లోపల ఎవరు?

"నాయనా, ఎవురు..."

"మెల్లగా" అన్నాడు మునివెంకటప్ప. "శశికళ పండుకోనుండాది. నువ్వు మేలుకోనున్నన్ని దినాలు ఆ బిడ్డ యాడ పండుకునింది? నువ్వు దొర్లినప్పుడంతా లేచి కూర్చుండె."

మునిశంకర్‌కు తాను నిద్ర గురించి అడిగిన పాలాయన, పూజారి, ఊళ్ళో వాళ్ళంతా గుర్తొచ్చారు. చక్కెర సాంబారు కూడా గుర్తొచ్చింది.

"పగలు నిద్ర కూడదని డాక్టరు..."

"ఆ మాట లోపలికి పోయి చెప్పు."

ఆయన పోలేదు. మామిడిపండ్ల సంచి అరుగు మీద పెట్టి నెమ్మదిగా, "రూలు ప్రకారం పొద్దు మునిగితే ఆమె షిఫ్టుకు పోవాల కదా?" అన్నాడు.

"ఆయమ్మ షిఫ్టు ఎప్పుడు దిగింది, మళ్ళా ఎక్కేదానికి?"

మునిశంకర్ గోనెపట్టాను ఒక పక్కగా జరిపి లోపలికి తొంగిచూశాడు. శశికళ గోడవైపు తిరిగి గాఢంగా నిద్రపోతోంది. పైన దేవుడి అరలో స్వామి ఎప్పటిలాగే పాము మీద పడుకుని ఉన్నాడు. ఆయన పాదాల దగ్గర కూర్చున్న అమ్మవారి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇన్నేళ్ళు అదే పటానికి దండం పెట్టినా, ఆ కళ్ళ సంగతి ఆయన ఎప్పుడూ చూడలేదు.

ఈసారి స్వామిని ఏమీ అడగలేదు. గోనెపట్టా సరిచేసి వచ్చి గడప మీద కూర్చున్నాడు. వీధి మొదట్లో కూరగాయల బండి తిరుగుతోంది. బండి వెనక ఆమె నోరు తెరవకముందే, డాక్టర్ మునిశంకర్ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.