సోఫాల ఆయన అరచెయ్యి

ఆ ఉదయానికి మట్టి మేడమ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆరిన పలకల్ని బట్టీలో పేర్చాలి, తలుపు బిగించాలి, స్విచ్ వెయ్యాలి, ఆ తర్వాత కాళ్ళు బారజాపుకుని కాఫీ తాగాలి. వీటిలో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది, అదీ చల్లారిపోయాక.

ఇంటి వెనక షెడ్డులో కప్పులు, కూజాలు, పూలకుండీలు చేసుకునే ఆవిడకి ఆ పేరు వీధివాళ్ళు పెట్టింది. పేరులో మేడమ్ ఉంది కదా అని మర్యాద ఏమీ ఎక్కువ లేదు. "పాపం, ఏదో కాలక్షేపం" అనేవారు. అలాంటిది వీధి చివర కొత్తగా కట్టిన లైబ్రరీవాళ్ళు దాతల గోడ చేసే పని ఆవిడకి అప్పగించారు. రాతి మీద పేర్లు చెక్కిస్తే చెక్కినవాడు తప్ప ఎవరూ చదవరు. అందుకని దాతలందరి అరచేతులూ మెత్తటి మట్టి పలకల మీద అద్దించి, కింద పేర్లు రాసి, కాల్చి, నీలం పూత పూసి గోడకి అతికిస్తానంది ఆవిడ. లోపలికి వచ్చిన దాత తన చేతిని తన పలకలో ఆనించి చూసుకోవచ్చు. ఆలోచన కమిటీకి తెగ నచ్చింది.

"ఈ గోడ మీద ఒక్క చెయ్యి కూడా అబద్ధం కాదు" అని కమిటీ ముందు గొప్పగా అంది. ఎవరూ అడగలేదు, అనాల్సిన అవసరమూ లేదు. కానీ మొదటి పెద్ద పని దొరికినప్పుడు మనిషికి నోరు ఊరుకోదు.

చెప్పాల్సిన మాట ఇంకోటుంది, అది మాత్రం చెప్పలేదు. మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ ఉతికిన నూలు చొక్కాలా కాస్త కుదించుకుపోతుంది. ఆవిడ పలకల్ని కొలతకన్నా పెద్దవిగా కోసింది కూడా అందుకే. కాకపోతే ఆవిడకి ఇది రోజూ చూసే సంగతి కావడంతో, దాతలకి చెప్పాలని తోచనే లేదు.

దాతల్లో పెద్దవారు సోఫాల ఆయన. ఫర్నిచర్ షాపు ఆయనది. లైబ్రరీలో కుర్చీలు, బల్లలు, చివరికి చెప్పుల స్టాండు కూడా ఆయన ఇచ్చినవే. కాబట్టి గోడ నడిమధ్య పలక ఆయనది. అచ్చు తీసిన రోజున ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వచ్చారు. వేలికున్న నలుచదరపు రాయి ఉంగరం పలకలో పడాలని, రాయిని లోపలికి తిప్పుకుని మరీ చెయ్యి అద్దారు. "జాగ్రత్తమ్మా! ఈ చెయ్యి మాటిమాటికీ దొరికేది కాదు" అని చెప్పి వెళ్ళారు. కొట్లో టైల్స్ కొని పేర్లు ప్రింటు చేయిస్తే పోయేదానికి ఈ మట్టి గొడవంతా ఎందుకని కమిటీలో మొదట అన్నదీ ఆయనే.

ఆ ఉదయం ఆవిడ షెడ్డులోకి వెళ్ళేసరికి అత్తగారు చేతిలో తడిగుడ్డతో, ముఖం నిండా తృప్తితో నిలబడి ఉంది.

"ఎంత దుమ్మమ్మాయ్ వీటి మీద! అన్నీ తుడిచే ఓపిక లేదు గానీ, ఆ సోఫాల ఆయనది మాత్రం శుభ్రంగా తుడిచి పెట్టాను. పెద్దమనిషిది కదా!"

కాల్చని మట్టిని తడిగుడ్డతో తుడవడమంటే బోర్డు మీది సుద్దముక్క రాతని తుడవడమే. అరచేతి గీతలు పోయాయి. ఉంగరం పోయింది. పేరూ పోయింది. మిగిలినది చెయ్యా, చలికాలం తొడుక్కునే ఊలు తొడుగా అన్నది చెప్పడం కష్టం.

"అత్తయ్యా..." అంది ఆవిడ.

"ఏంటే, బాగా రాలేదా? ఇంకోసారి తుడవమంటావా?"

సాయం చేద్దామని ఆఫీసుకి సెలవు పెట్టి ఇంట్లో ఉన్న భర్త ఈ మాటలు విని పరుగెత్తుకొచ్చాడు. మంచివాడు, ఓపికమంతుడు. చేతులు మాత్రం చాటలంత ఉంటాయి. "అయ్యో, దీనికేనా కంగారు? నేను సర్దుతాగా" అంటూ పలకని రెండు చేతులతో ఎత్తాడు. తడిసిన పలక ఆ రెండు చేతుల్లోకీ చెరి సగం వచ్చింది.

ఆవిడ నేల మీద కూలబడింది. "కొంప మునిగిందండీ. ఆయన్ని మళ్ళీ రమ్మంటే ఏమైందని అడుగుతారు. తడిగుడ్డ పెట్టి తుడిచామంటే రేపే కమిటీలో చెప్పి కొట్లో టైల్స్ తెప్పిస్తారు. ఇక ఈ జన్మలో నాకు పెద్ద పని ఎవరిస్తారు?"

అత్తగారి ముఖం చిన్నబోయింది. తడిగుడ్డని మెల్లిగా వీపు వెనక్కి దాచుకుంది.

భర్త తన చేతికేసి చూసుకున్నాడు. "ఏమోయ్, చెయ్యి చెయ్యే కదా. నాది పెడితే పోలా?"

"మీదా! ఆయనకీ మీకూ పోలికుందా? చూడగానే తెలిసిపోతుంది."

"గోడ మీద ఎవడు కొలుస్తాడు?"

"అబద్ధం చెయ్యి ఒక్కటీ ఉండదని అందరి ముందూ అన్నానండీ!"

"అన్నది నువ్వు. నా చెయ్యి ఏమీ అనలేదుగా" అన్నాడు భర్త. ఇలాంటి వాదనకి మామూలు రోజున ఆవిడ ఒప్పుకునేది కాదు. ఆ రోజు మామూలు రోజు కాదు.

కొత్త పలక పరిచింది. భర్త చెయ్యి అద్దాడు. ఆవిడ కింద సోఫాల ఆయన పేరు మళ్ళీ రాసింది. ఉంగరం సంగతి అందరికన్నా ముందు గుర్తొచ్చింది అత్తగారికే. తప్పు దిద్దుకునే తొందరలో లోపలికి పరుగెత్తి, పిల్లలు ఆడుకునే బోర్డు ఆట డబ్బాలోంచి పాచిక పట్టుకొచ్చింది. "నలుచదరం కావాలిగా!" అంటూ, కోడలు వద్దనేలోపు ఉంగరం వేలి మొదట్లో గట్టిగా నొక్కేసింది. ఏ పక్క నొక్కాలన్నది ఆవిడ ఆలోచించలేదు. ఆరు పడింది. పలకలో ఉంగరం రాయి మీద ఆరు చిన్న బొడిపెలు తేలాయి.

చెరిపేద్దామని కోడలు పుల్ల తీసుకునేలోపు ఫోను మోగింది. లైబ్రరీ కార్యదర్శి గారు. మట్టి అంటని ఎడమచేత్తో భర్త ఎత్తాడు.

"బట్టీ పెట్టారా బాబూ?"

"పెడుతున్నామండీ. అన్నీ ఇవాళే. సోఫాల ఆయనది మాత్రం నాలుగు రోజులాగి విడిగా కాలుస్తాం."

"విడిగానా? ఎందుకు?"

"అది... కాస్త ప్రత్యేకమండీ. ఆ మట్టే వేరు."

ఆవిడ నెత్తి కొట్టుకుంది. కార్యదర్శి గారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. లెక్క ఎంత పెద్దదైనా బుర్రలో దాచుకుంటారు గానీ, మాట మాత్రం కడుపులో నిలవదు. అరగంట తిరక్కుండా సోఫాల ఆయన కారు వాకిట్లో ఆగింది.

"నా పలకకి ప్రత్యేకం మట్టి అట కదా! నేను అడగనేలేదే!" అంటూ నవ్వు ముఖంతో షెడ్డులోకి వచ్చారు. ఆవిడ పలక మీద గుడ్డ కప్పేసింది. భర్త మట్టి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. సోఫాల ఆయన ఆ చేతికోసమే తన చెయ్యి చాపారు. ఇవ్వక తప్పలేదు. ఆయన చెయ్యి భర్త చేతిలో మణికట్టు దాకా మునిగిపోయింది.

"అబ్బో, మీరూ పనిలోకి దిగారే!" అని ఆయన మట్టి తుడుచుకుంటూ మురిసిపోయారు. "చూడనివ్వరా? సరే సరే, ప్రారంభం రోజునే చూస్తాను. అందరికీ చెప్పాలి!"

చెప్పారు కూడా. షాపుకి సోఫా కొనడానికి వచ్చినవాళ్ళకి, కొనకుండా కూర్చుని వెళ్ళినవాళ్ళకి, అందరికీ.

ఈ హడావిడిలో ఆరు బొడిపెల్ని చెరపడం ఆవిడ మరిచేపోయింది, పలక అలాగే ఆరి అలాగే కాలింది. ప్రారంభం నాటికి గోడ నిజంగానే బాగా కుదిరింది. నీలం పూతలో చేతులన్నీ నీళ్ళ అడుగున ఉన్నట్టు మెరుస్తున్నాయి. ఆవిడ మాత్రం నడిమి పలక వైపు చూడలేక, గది మూల కుర్చీలో ఒదిగి కూర్చుంది. అడగ్గానే నిజం చెప్పేయాలని ఒక మనసు, అడక్కపోతే బాగుండునని ఇంకో మనసు.

రిబ్బన్ కత్తిరించగానే దాతలు తమ తమ పలకల మీదికి ఎగబడ్డారు. మొదటి కేక బేకరీ ఆవిడది.

"ఇదేంటి? నా వేళ్ళు బయటికొస్తున్నాయి! ఇది నా చెయ్యి కాదు, ఎవరో పిల్లది!"

"నాదీ అంతే!" అన్నారు పళ్ళ డాక్టరు. ఆయన కళ్ళజోడు సవరించుకుని మూడుసార్లు చెయ్యి పెట్టి చూశారు. మూడుసార్లూ వేళ్ళ కొనలు బయటే ఉన్నాయి. నిమిషంలో గదంతా గోలగోలైంది. తమ చెయ్యి తమకి పట్టలేదని ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ పలకల్లో దూర్చి చూస్తున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి, చెప్పని ఆ మాట. పరుగున గోడ దగ్గరికి వచ్చి, "అన్నీ మీ చేతులేనండీ! మట్టి కాలితే కుదించుకుపోతుంది. ఏ పలకైనా అంతే" అంది.

"నేను రోజూ పళ్ళ అచ్చులు తీస్తానమ్మా. నా దగ్గర ఒక్కటీ కుదించుకుపోదు" అన్నారు డాక్టరు.

"మరి నాది కుదించుకుపోలేదే!" అని వినిపించింది మధ్యలోంచి.

అందరూ తిరిగి చూశారు. సోఫాల ఆయన చెయ్యి నడిమి పలకలో ఉంది. వేలికి వేలు, మడతకి మడత, అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

ఈ గోడ మీద అబద్ధం అదొక్కటే. సరిపోయిందీ అదొక్కటే. నిజమైన చేతులన్నీ దొంగవై పోతుంటే చూస్తూ ఊరుకోవడం ఇక ఆవిడ వల్ల కాలేదు.

"అది మీ చెయ్యి కాదండీ! మీ పలక పాడైపోతే మా ఆయన చెయ్యి అద్ది పెట్టాం. తప్పు నాదే. మిగతావన్నీ నిజమైనవి" అంది గట్టిగా, గదిలో అందరికీ వినబడేలా.

సోఫాల ఆయన తన చేతికేసి చూసుకున్నారు, పలకకేసి చూశారు, పకపకా నవ్వారు. "నా చెయ్యి నాకు తెలీదామ్మా? ఇదిగో, ఉంగరం కూడా!"

"కావాలంటే చూడండి. ఏమండీ, మీరొచ్చి పెట్టండి!"

భర్త సిగ్గుపడుతూ వచ్చి చెయ్యి పెట్టాడు. ఆ చాటంత చెయ్యి పలకని మూసేసి, నాలుగు పక్కలా పొర్లింది. గదంతా గొల్లుమంది.

"అది కుదించుకుపోయిందండీ!" అంది ఆవిడ ఏడుపు గొంతుతో.

"కుదించుకుపోలేదని ఇప్పుడే చూశాం కదమ్మా!" అన్నారు డాక్టరు.

"ఒక్క కుర్చీ అయినా ఇవ్వకుండా నడిమధ్య పలకకే ఎసరు పెట్టాడే!" అంది బేకరీ ఆవిడ. మూల నుంచి అత్తగారు "మా వాడు అలాంటివాడు కాదు! అది తుడిచింది నేను!" అని అరిచింది గానీ, ఏమి తుడిచిందో ఎవరికీ అర్థం కాలేదు.

కార్యదర్శి గారు మాత్రం నవ్వలేదు. భర్త చేతిని చూశారు, సోఫాల ఆయన చేతిని చూశారు, బేకరీ ఆవిడ పలకని చూశారు. పెదవులు కదిలాయి. లెక్క తేలినట్టుంది, మట్టి మేడమ్ దగ్గరికి వచ్చి, "లెక్క సరిపోయిందమ్మా. నువ్వు చెప్పింది నిజమే" అన్నారు మెల్లిగా. జీవితంలో మొదటిసారి ఆయన ఒక మాట కడుపులో దాచుకోవడానికి సిద్ధపడ్డట్టు కనిపించారు. ఆ ఒక్క మాటతో ఆవిడకి సగం బరువు దిగింది.

మిగతా సగం సోఫాల ఆయన భార్య దింపింది. ఇంతసేపూ వెనక నిలబడి భర్త చేతిని ఆప్యాయంగా చూస్తున్న ఆ ఇల్లాలు, "ఇందులో వింతేముంది? మట్టికి మాత్రం తెలీదా? మనసారా ఇచ్చిన చెయ్యి ఎందుకు కుదించుకుపోతుంది?" అంది.

ఆమె ఎవరినీ ఉద్దేశించి అనలేదు. అయినా గదిలో అందరి చేతులూ చటుక్కున పలకల్లోంచి బయటికి వచ్చేశాయి. పళ్ళ డాక్టరు చెయ్యి జేబులో పెట్టుకున్నారు. బేకరీ ఆవిడ తన పలకని మళ్ళీ తేరిపార చూసి, "పరవాలేదులే, దాదాపు సరిపోయింది" అంది. ఆ తర్వాత ఇంకెవరూ చిన్నదని అనలేదు. పైగా వెళ్ళేముందు ఒక్కొక్కరూ కార్యదర్శి గారిని పక్కకి పిలిచి, లైబ్రరీకి ఇంకేమైనా కావాలా అని ఆరా తీశారు. అలమరలు, ఫ్యాన్లు, చదివే దీపాలు అన్నీ ఆ సాయంత్రమే సమకూరాయి. వాటికో రెండో గోడ కూడా మట్టి మేడమ్‌కే దక్కింది. ఈసారి అచ్చు తీసేముందు ప్రతివాళ్ళకీ ఆవిడ పనిగట్టుకుని చెప్పింది, మట్టి కాలితే కుదించుకుపోతుందని. అందరూ తలూపి, "మాది కుదించుకుపోదులెండి" అన్నారు.

ఇప్పుడు భర్త సాయంత్రాలు లైబ్రరీకి వెళ్ళి, గోడకి ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆవిడ కూడా అప్పుడప్పుడు వెళ్ళి పక్కన కూర్చుంటుంది. ఇద్దరూ నడిమి పలక వైపు చూసి కాస్త నవ్వుకుంటారు, అంతే. ఇంట్లో తడిగుడ్డకి మాత్రం షెడ్డులోకి ప్రవేశం లేదు.

సోఫాల ఆయన ఆ వారంలోనే ఉంగరం మార్పించుకున్నారు; ఇప్పుడు దాని రాయి మీద ఆరు చుక్కలున్నాయి.