ఐదో ఈనె

ఆ ఉదయం మామగారికి ఉన్నది ఒకటే పని. ట్రయాసిక్ కాలపు పురుగు రెక్క మీద తాను రాసిన వర్ణనను ఆఖరుసారి సరిచూసి, రాయితో సహా మ్యూజియం అధికారికి అప్పగించాలి. బియ్యపు గింజంత రెక్క, కోటు గుండీ అంత నల్లరాతి పలకలో ఇరవై కోట్ల ఏళ్ళ పైనుంచి అచ్చుపడి ఉంది. దాని చుట్టాలన్నిటికీ అంచు దగ్గర నరాల్లాంటి నాలుగు ఈనెలు. దీనికి మాత్రం ఐదోది ఒకటి వంపు తిరిగి ఉంది. అంటే కొత్త జాతి. దానికి ఆయన పెట్టబోయేది నిరుడు పోయిన తన భార్య పేరు. పలకలు పొడిరాలకుండా కుంచెతో లక్క పూసిపెట్టింది ఎప్పుడూ ఆవిడే. చివరగా, మంచంలో ఉండే, పూసింది ఈ పలకకే.

"ఇన్నేళ్ళు మీ రాళ్ళకు చాకిరీ చేశాను, ఒక్కదానికైనా నా పేరుందా అని దెప్పేదమ్మా," అన్నాడాయన కోడలితో. "ఇవాళ్టితో ఆ మాట తీరిపోతుంది."

కోడలు పాలసీసా కడిగి వచ్చేసరికి మామగారు పెరట్లో ఉన్నాడు. బల్ల మీద పలక లేదు. బల్ల కింద పిల్లది ఏదో చప్పరిస్తోంది, పెదాల చుట్టూ నల్లగా. నోట్లో వేలు పెట్టి చూస్తే ఏమీ దొరకలేదు. ఆఫీసులో ఉన్న భర్తకు ఫోన్ చేసింది.

"పిల్ల రెక్క మింగేసిందండీ."

"ఏ రెక్క? కోడిదా?"

"కాదు. ఇరవై కోట్ల ఏళ్ళ నాటిది."

"అంత పాతది ఇంట్లో ఎందుకుంచారు?" అని విసుక్కుని, డాక్టరమ్మను పంపించి, తనూ బయల్దేరాడు. కంగారుగా లోపలికొచ్చిన మామగారు అధికారికి ఫోన్ చేశాడు.

"అది మ్యూజియం సొత్తండీ," అన్నాడు అధికారి. "బయటికొచ్చేదాకా పిల్లను ఎక్కడికీ పంపకండి. వస్తున్నాను."

డాక్టరమ్మా, అధికారీ ఒకేసారి గుమ్మంలో దిగారు. డాక్టరమ్మ పిల్ల నోరు స్పిరిట్ లేని దూదితో తుడిచి చూసి, "బొమ్మలు గీసే పెన్సిల్ కొరికింది. అంతే," అంది. మామగారు ప్రాణం లేచొచ్చి మనవరాలిని ఎత్తుకున్నాడు. చొక్కా జేబులో ఏదో గట్టిగా తగిలింది. పిల్లకు అందకుండా పొద్దున్న తానే పలకను అందులో వేసుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

పలక నిండా జేబులోని బిస్కెట్ పొడి. పసిదాని మీద అన్యాయంగా నింద వేశానన్న సిగ్గుతో కోడలు సాయం చేయబోయి, డాక్టరమ్మ సంచీలోని స్పిరిట్ దూదితో తుడిచింది. లక్క కరిగింది. ఐదో ఈనె లేచి దూదికి అంటుకుంది.

"మామయ్యగారూ, నేనే పాడుచేశాను," అంది.

ఆయన దూదిని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. "లేదమ్మా. ఇది వెంట్రుక."

"కుంచెదేమో," అన్నాడు అధికారి.

"కుదురు దగ్గర తెలుపు, కొసకు రంగు ఉందండీ. మంచం పట్టాక మా ఆవిడ జుట్టుకు రంగేసుకోవడం మానేసింది."

అంతలో కొడుకు రొప్పుతూ వచ్చాడు. "బయటికొచ్చిందా?"

"వచ్చిందిరా," అన్నాడు తండ్రి.

పెన్సిల్ ముక్క వెతుక్కుని వర్ణనలో ఐదో ఈనె కొట్టేశాడు. కొత్త జాతికి రాసిన భార్య పేరు మరోసారి చదువుకున్నాడు. అదీ కొట్టేశాడు. అధికారి పలకను పెట్టెలో సర్దుకుంటూ దూది వైపు చేయి చాచాడు. "అదీ ఇవ్వండి. పలక మీదున్నదంతా మ్యూజియానిదే."

మామగారు దూదిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వర్ణన చూసుకోండి. ఈ రెక్కకు ఈనెలు నాలుగే."

అధికారి చూసుకున్నాడు. నాలుగే ఉన్నాయి.