పురుడెవరిది?

ఎవరి బిడ్డను వాళ్లే కనాలనడమంత మొరటుతనం ఇంకొకటి లేదు! ఇడ్లీపిండి మనం రుబ్బుతున్నామా? ఆవకాయ మనం పెడుతున్నామా? పెళ్లిలో వడ్డించడానికి కూడా యూనిఫాం వేసుకున్న కుర్రాళ్లొస్తున్నారు. మరి ఆ తొమ్మిది నెలల మోత ఒక్కటీ మనమే ఎందుకు మోయాలండీ?

డబ్బుకి గర్భం మోయకూడదని చట్టం వచ్చింది కదా అని దిగులుపడకండి. దయతో, అయినవాళ్లకి మోయవచ్చు! దయకేం కొదవ? ముత్తుకూరు దాటాక సముద్రం ఒడ్డునున్న ఒక పాలెంలో, ధనలక్ష్మి గుండెల్లో ఓ క్లినిక్ వాళ్లు తెల్లారేసరికి దయ పుట్టించారు. ఆమె ఎన్నడూ చూడని ఒక అక్కను హైదరాబాద్‌లో కాగితాల మీద పుట్టించారు. ఆ అక్క మీది ప్రేమతోనే మొగుడు గణేష్ పడవకి కొత్త ఇంజను వచ్చింది. ప్రేమకి ఎంత హార్స్‌పవర్ ఉంటుందో నాకప్పుడే తెలిసింది.

ఆ తొమ్మిది నెలలూ ధనలక్ష్మి మహారాణి! క్లినిక్ హాస్టల్లో మంచం, ఫ్యాను, పొద్దున్నే యాపిల్. ఎండుచేపల పులుసు అడిగితే మాత్రం కుదరదన్నారు. పుట్టబోయేవాళ్లు శాకాహారులట. కడుపులో బిడ్డ తన్నినప్పుడల్లా అక్కకి వీడియో కాల్ చేసి చూపించాలి. తన్నులు కూడా వాళ్లవే కదా!

కాన్పయింది. బిడ్డ అటునుంచి అటే కారెక్కేసింది. ఆడో మగో కూడా ధనలక్ష్మికి చెప్పలేదు. చెబితే మమకారం పుడుతుందట. ఆమె మనసు మీద ఎంత శ్రద్ధో చూడండి!

ఆమె ఇంటికొచ్చాక చిక్కొచ్చిపడింది. పురుడొచ్చిన ఇంటి మగవాళ్లు పురిటి స్నానం అయ్యేదాకా పడవెక్కకూడదు. బాలింత చేపల గంప ముట్టకూడదు. అది ఆ పాలెం కట్టు. మరి ఈ ఇంట్లో పురుడున్నట్టా, లేనట్టా? సముద్రంలో రొయ్యలు విరగబడుతున్నాయి, కొత్త ఇంజనేమో ఒడ్డున కూర్చుంది. గణేష్ వెళ్లి పాలెం పెద్ద కామాక్షయ్యను వెంటబెట్టుకొచ్చాడు.

లోపల చాప మీద ధనలక్ష్మి వింటోంది. కుట్లు లాగుతున్నాయి. ఉందనాలి దేవుడా, పురుడుందనాలి అని మొక్కుకుంటోంది. తన ఇద్దరు పిల్లల పురుళ్లప్పుడు తప్ప ఆ ఇంట్లో ఆమె పగలు నడుం వాల్చింది లేదు.

కామాక్షయ్య హైకోర్టు జడ్జిలా గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డ యాడుందిరా?"

"హైదరాబాదుకి తీసకపోయినారు మామా."

"అయితే పురుడూ ఆడికే పోయినట్టు. నువ్వు పడవెక్కు. నీ పెళ్లాం రేపటి నించీ గంపెత్తుకోవచ్చు."

ఆహా, ఏం తీర్పండీ! మైలని కూడా ఏసీ కార్లో పంపించేశాడు! వాళ్లకి బారసాల, క్లినిక్‌కి పేరు, గణేష్‌కి వేట. ఎవరికీ నష్టం లేదు. నేను చప్పట్లు కొట్టేవాణ్ణే, ధనలక్ష్మి గనక లేచి ఉంటే.

మర్నాడు తెల్లారినా ఆమె లేవలేదు. అత్త ముసలమ్మ గంప తెచ్చి గుమ్మంలో పెట్టింది.

"లెయ్ మే. బిడ్డ కూడా లేదాయె. ఊరికే పడుకుంటే ఎట్టా?"

"బిడ్డ వాళ్లదే అత్తా. కాదని ఎవురన్నారు? కన్నది నేను గదా! స్నానమయ్యేదాకా నన్ను లేపబాకండి."

పాలతో తడిసిపోయిన కోడలి రవిక వంక ముసలమ్మ చూసింది. గంప బయట బోర్లించి, బాలింతకి కాయం మందు నూరడానికి రోలు కడిగింది. అప్పటికే ఒడ్డున ఇంజను మోత మొదలైంది. ముసలమ్మ వాకిట్లోకొచ్చి పాలెమంతా వినిపించేలా కేకేసింది.

"ఒరే గణేషా, దిగరా! మనింట్లో పురుడుండాది!"