దేవుడు లేడు (వెనుక చూడుడు)

పొద్దున పదింటికల్లా దేవుణ్ణి బెజవాడ నుంచి పంపించేసి, భోజనం వేళకి ఇల్లు చేరాలని సత్యం ప్లాను. గోంగూర పచ్చడి నూరి ఉంచమని భార్య శివపార్వతికి చెప్పాడు కూడా.

ఈ తొందరకి కారణం మామగారు అంకమ్మరావు. వన్ టౌన్‌లో ఆయనకి మంగళగిరి చీరల కొట్టుంది.

"అల్లుడుగారూ, ఈ యుద్ధంలో బియ్యానికి క్యూ, కిరసనాయిలుకి క్యూ. దేవుడున్నాడా లేడా అని ఇంకా ఎవడికండీ పట్టింది? మీ రాతలు సాయంత్రంలోగా ఒక్కరికి అమ్మండి, జన్మంతా రాసుకోండి. లేదా, రేపట్నించి కొట్లో చీరలు మడతపెట్టండి," అన్నారాయన.

చీరలు మడతపెట్టడం కన్నా సత్యానికి నరకం నయం. నరకం లేదని తనే రాశాడు కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది.

"దేవుడు లేడు" అని కాగితం నిండా రాసి బసవయ్య ప్రెస్సులో అచ్చుకిచ్చాడు. తీరా కట్ట విప్పితే ప్రతి కాగితం వెనకా లక్ష్మీదేవి నవ్వుతోంది. తామరపువ్వు, ఏనుగులు, రంగులతో సహా.

"ఇదేంటి బసవయ్యా!"

"తెల్లకాగితం ఎక్కడుందండీ ఊళ్లో? కేలండర్ బొమ్మలు మిగిలితే వెనకవైపు వేశా. మీక్కావలసింది ఒక పక్కేగా?"

అక్షరాల వైపు జనానికి చూపిస్తూ సత్యం బజార్లో నిలబడ్డాడు. "దేవుడు లేడు! కాణీకొకటి!"

"ఉప్పు లేదు, పంచదార లేదు. ఆయనా అయిపోయాడా?" అనుకుంటూ ఒకాయన సాగిపోయాడు.

ఇంతలో గాలికి ఒక కాగితం ఎగిరి బోర్లాపడింది. కృష్ణలో మునిగి తడిచీరతో వస్తున్న వెంకటరత్నమ్మ దాన్ని తీసి కళ్లకద్దుకుంది.

"నేలమీద పడ్డావా తల్లీ! నాయనా, ఇంకోటివ్వు, మా కోడలికి."

"వెనక చదవండి మామ్మగారూ! దేవుడు లేడని రాశాను!"

"నాకు చదువు రాదు నాయనా. అమ్మవారు మాత్రం కళకళ్లాడుతోంది."

ఆ రోజుల్లో ఇద్దరు ఒకచోట నిలబడితే మూడోవాడు ఎందుకని అడక్కుండా వెనక నిలబడేవాడు. క్యూ కాలవ దాకా పోయింది. చివరివాళ్లు కిరసనాయిలు డబ్బాలతో ఉన్నారు. ముందువాళ్లు కర్పూరం వెలిగించారు. ఎవరో సత్యం కాళ్ల దగ్గర కొబ్బరికాయ కొట్టారు. చూసి ఇంకొకరు, ఆయన్ని చూసి మరొకరు.

"నేను నాస్తికుణ్ణండీ!" అని అరిచాడు సత్యం.

"అలాగే స్వామీ, తోసుకోకుండా వస్తాం," అన్నారు జనం.

ఒకే ఒక్క కాగితం మిగిలేసరికి అంకమ్మరావు వచ్చారు.

"అన్నీ అమ్మేశాను మామగారూ!"

"మీరమ్మింది లక్ష్మీదేవిని. దేవుడు లేడన్న ముక్క ఒక్కరు కొన్నారా?"

జవాబు చెప్పేలోగా ఎవరో తోశారు. కాగితం జారి అక్షరాల వైపు పైకి పడింది. సరిగ్గా "దేవుడు లేడు" మీద సత్యం కాలు పడింది. చప్పున వంగి, కాగితం తీసి, రెండు కళ్లకీ అద్దుకున్నాడు. అక్షరం కాలికి తగిలితే అలా చెయ్యాలని చిన్నప్పుడు వాళ్లమ్మ నేర్పింది. అద్దుకున్నాక గుర్తొచ్చింది, తనెవరో.

అంకమ్మరావు నిదానంగా కాణీ తీశారు.

"అదిటివ్వండి, నేను కొంటున్నా. చీరల సంగతి మర్చిపోయి రాసుకోండి అల్లుడుగారూ. ఈ రాతల అవసరం ఇంకా చాలా ఉంది. రాసినవాడికే ఎక్కలేదు."

ఆ మధ్యాహ్నం శివపార్వతి గోంగూరతో పాటు కొబ్బరి పచ్చడి కూడా చేసింది.