ముప్పై ఆరు కైండ్లీలు

పన్నెండు పేజీలు టైపు చేయించుకుని ఒంటిగంట బస్సుకు భద్రాచలం బయలుదేరాలని ఆ ఉదయం దేవ్‌సింగ్ అనుకున్నాడు. అది 1989 జూన్. కొత్తగూడెంలో ఒక ఇంజనీరింగ్ ఆఫీసు. అడవి ఊళ్ల మధ్య ఫోను తీగ ఎక్కడ తెగితే కబురు ఏ దారిన తిరిగి వెళ్తుందో కంప్యూటర్ మీద చూపించే ప్రోగ్రాం అతను రాశాడు. గోదావరి పొంగేలోపు అది భద్రాచలంలోని వరద ఆఫీసుకు అందాలి. అక్కడి అధికారి వెంకటనారాయణ షరతు ఒక్కటే. కాగితం చూసి ఆయనే కంప్యూటర్‌లో కొడతాడు. ప్రోగ్రాం నడిస్తే దేవ్‌సింగ్ టెంపరరీ ఉద్యోగం పర్మినెంటు. నడవకపోతే నెలాఖరుకు ఇంటికి.

టైపిస్టు అనంతమ్మది ఇరవై ఏడేళ్ల సర్వీసు. ఆమె కొట్టిన కాగితంలో తప్పు పట్టినవాళ్లు ఆ ఆఫీసులో లేరు. తొమ్మిదిన్నరకు ఇచ్చిన కాగితాలు పదకొండుకు తిరిగి వచ్చాయి. అంచు దారం పట్టి గీసినట్టు ఉంది.

"అమ్మా, లైన్లన్నీ ఒక్క అంచుకు తెచ్చినవేంది?"

"నువ్వు మెట్ల లెక్క రాసినవ్ బిడ్డా. చెయ్యి వణికిందేమో అనుకున్న. సక్కగ చేసిన."

"ఆ మెట్లు కావాలెనమ్మా. లోపలికున్న లైను పైలైను మాట ఇంటది. మిషన్‌కు ఫరక్ పడదు గని, సదివే మనిషి ఆగమైతడు."

"అట్ల జెప్పు. సంసారం లెక్క. పెద్దోళ్లు అంచుకు, పిల్లలు లోపలికి."

ఇదే సంగతి ఆఫీసులోని ఇంజనీర్లకు చెప్పడానికి దేవ్‌సింగ్‌కు ఆరు నెలలు పట్టింది.

ఇంకో చిక్కుంది. ఒకటి అంకె ఉండాల్సిన చోటల్లా ఇంగ్లీషు చిన్న ఎల్ ఉంది. ఆమె టైపు మిషన్‌కు ఒకటి మీట లేదు. ఇన్నేళ్లుగా ఎల్‌తోనే ఒకటి కొడుతోంది. ఏ ఆఫీసరూ తేడా కనిపెట్టలేదు. కంప్యూటర్ కనిపెడుతుంది. ఒకటి మీట ఉన్న కొత్త మిషన్ హెడ్ క్లర్కు రామ్‌చందర్ గదిలో ఉంది. అన్నీ మళ్లీ కొట్టడానికి అనంతమ్మ వెళ్లి అక్కడ కూర్చుంది. అక్కడ కూర్చుంటే కాగితం రామ్‌చందర్ కంట పడక మానదు.

ఒంటిగంటకు పది నిమిషాలుండగా రామ్‌చందర్ లక్క సీలు వేసిన కవరుతో బయటికొచ్చాడు.

"ఏమయ్యా, కొలువు పోగొట్టుకుంటుంటివి గద! గంత పెద్ద సాబుకు 'రన్', 'స్టాప్', 'ప్రింట్' అని హుకుం జారీ చేస్తవా?"

"అవి సాబుకు గాదు సార్, మిషన్‌కు..."

"మిషన్ కవరు ఇప్పుతదా? సాబు ఇప్పుతడు. ప్రతిదానికి ముందట 'కైండ్లీ' పెట్టించిన. ముప్పై ఆరు. నేనే లెక్కపెట్టిన. పో, జల్దీ పో!"

బయట బస్సు హారన్ కొట్టింది. అనంతమ్మ తలుపు దగ్గరికి పరుగున వచ్చింది.

"బిడ్డా, ఎర్రది! ఎర్రదే చూసుకో!"

"అవ్ అమ్మా, ఎర్ర బస్సే!" అంటూ దేవ్‌సింగ్ ఎక్కేశాడు.

ఒక్క కైండ్లీ చాలు ప్రోగ్రాం ఆగిపోవడానికి. పాల్వంచ దాటేసరికి అతను వేరే ఉద్యోగాల గురించి ఆలోచిస్తున్నాడు.

మూడు గంటలకు వెంకటనారాయణ సీలు పగలగొట్టాడు. దేవ్‌సింగ్ కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. మీటల చప్పుడు మొదలైంది. గంటసేపు ఆగలేదు. తర్వాత "వచ్చింది" అన్న మాట వినపడింది. తెర మీద దుమ్ముగూడెం తీగ తెగింది. కబురు వేరే దారిన తిరిగి భద్రాచలం చేరింది.

దేవ్‌సింగ్ కాగితం అందుకుని చూశాడు. హెడ్ క్లర్కు మిషన్‌లో రెండు రంగుల రిబ్బను ఉంటుంది. ప్రోగ్రాం అంతా ఎర్రగా, మెట్లు మెట్లుగా ఉంది. కైండ్లీలు నల్లగా ఉన్నాయి. మొదటి పేజీ పైన ఇంగ్లీషులో ఒక వాక్యం: 'ఎర్రవి మాత్రమే మిషన్‌లో కొట్టవలెను. నల్లవి మనుషులు చదువుకొనుటకు.' అనంతమ్మ పై అధికారి మాట తీసెయ్యలేదు, ప్రోగ్రాంనూ చెడనివ్వలేదు.

"ఎవరు చేసిన్రయ్యా ఇది? ఏది కొట్టాల్నో ఏది సదవాల్నో తెలిసిన కాగితం నా సర్వీసుల ఇదొక్కటే."

"మా టైపిస్టు అనంతమ్మ సార్. ప్రోగ్రామే నాది."

"ఇకమీద అన్ని ఆఫీసులు గిట్లనే పంపాలె. మరి ఈ కైండ్లీలు?"

"మా హెడ్ క్లర్కు పెట్టిచ్చిండు సార్."

"ఉండనీయ్. నాతోని ఇంత మర్యాదగ ఎవరు మాట్లాడుతున్రు?"

దేవ్‌సింగ్ ఉద్యోగం ఖాయమని కొత్తగూడేనికి చెప్పడానికి ఆయన ఫోనెత్తాడు. లైను లేదు. ఆ కబురును దేవ్‌సింగే బస్సులో తీసుకెళ్లాడు.