అంచు నున్నటి డాలర్

శనివారం పొద్దున వెండెల్ ఆమ్‌డాల్ పెట్టుకున్న పని ఒక్కటే. చేపలు పట్టడానికి చెరువుకు వెళ్లేలోగా, పాత కోటు జేబులో దొరికిన డాలర్ నాణెం విలువెంతో ఇంగ్రిడ్ టోలెఫ్సన్‌ను అడిగి తెలుసుకోవడం. మిన్నెసోటాలోని ఆ చిన్న ఊళ్లో నాణేల దుకాణం ఆవిడదొక్కటే. నలభై ఏళ్లు నడిపి, అద్దె కట్టలేక, నెలాఖరుకు మూసేస్తున్నట్టు ఆ వారమే బోర్డు పెట్టింది.

పొరపాటున అంచుమీద అక్షరాలు పడని డాలర్లకు మంచి ధర వస్తుందని వెండెల్ ఎక్కడో చదివాడు. ఇతని నాణెం అంచు అద్దంలా నున్నగా ఉంది. కాకపోతే కాస్త నల్లబడింది. అందుకని టూత్‌పేస్టు పెట్టి, భార్య పళ్ల బ్రష్షుతో తళతళలాడేలా తోమాడు.

"నా బ్రష్షే దొరికిందా నీకు?" అంది బెర్నిస్.

"యాభై డాలర్లు రావచ్చు. కొత్త బ్రష్షు కొనుక్కుందువుగానిలే."

బెర్నిస్ ఈ అన్యాయాన్ని వెంటనే చెల్లెలు లొరెట్టాకు ఫోనులో చెప్పుకుంది. లొరెట్టాకు కాస్త చెముడు. బ్రష్షు సంగతి వినపడలేదుగానీ, యాభై వినపడింది. ఒక డాలరుకు యాభై డాలర్లంటే ఇంత గొడవ ఎందుకు చేస్తుందని, పక్కన 'వేలు' తనే చేర్చుకుని, ఊళ్లో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసింది.

వెండెల్ దుకాణం చేరేసరికి గుమ్మం ముందు ముప్పైమంది ఉన్నారు. ఒకావిడ పిల్లల డబ్బుల డిబ్బీ పగలగొట్టి, చిల్లర ఒడిలో పోసుకుని వచ్చింది. మంగలి గ్రోవర్ అయితే చేతిలో పని చేతిలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. అతని వెనకే, మెడకు గుడ్డతో, సగం తల కత్తిరించిన క్లారెన్స్ వచ్చాడు.

"మిగతా సగం ఎప్పుడయ్యా?" అన్నాడు క్లారెన్స్.

"కోటీశ్వరుడినయ్యాక ఫ్రీగా చేస్తా. కాసేపు ఆగు!"

ఇంగ్రిడ్ కళ్లద్దాలు సవరించుకుని, వెండెల్ నాణేన్ని అంచులు పట్టుకుని భూతద్దం కింద పెట్టింది.

"దీన్ని తోమావా?"

"టూత్‌పేస్టుతో," అన్నాడు వెండెల్ గర్వంగా.

"ఇంకెప్పుడూ ఆ పని చెయ్యకు. విలువైన నాణేన్ని తోమితే సగం ధర మురిక్కాలవలో కలిసినట్టే. అయినా నీకేం నష్టం లేదులే. వీపున బిడ్డను కట్టుకున్న అమ్మాయి బొమ్మ ఇది. వీటికి 2008 దాకా అంచు నున్నగానే ఉండేది. అక్షరాలు ఉండి తీరాల్సింది అధ్యక్షుల బొమ్మలున్న డాలర్లకు. దీని ధర ఒక డాలరు."

గ్రోవర్ నమ్మలేదు. అల్మారాలో అలాంటివే యాభై నాణేలు కనిపించాయి. "అబద్ధం! అన్నీ నువ్వే ఉంచుకోవాలని చూస్తున్నావ్. ఒక్కోటి వంద, మొత్తం ఐదువేలు. చెక్కు ఇప్పుడే రాస్తా!"

ఐదువేలంటే ఇంగ్రిడ్‌కు ఏడాది అద్దె. ఆవిడ ఒక్క క్షణం కిటికీలోని బోర్డు వైపు చూసింది.

"చెక్కు జేబులో పెట్టుకో గ్రోవర్," అంది నెమ్మదిగా. "ఇవి బ్యాంకులో డాలరుకొకటి ఇస్తారు. ముందు వెళ్లి క్లారెన్స్ తల పూర్తిచెయ్యి."

ఆ తర్వాత మధ్యాహ్నం దాకా అందరి నాణేలూ ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఎవరినీ నవ్వులపాలు చెయ్యలేదు, ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. మూడువందల పైచిలుకు నాణేల్లో ఏ ఒక్కటీ దానిమీద రాసిన విలువకు మించలేదు.

జనం ఇళ్లకు వెళ్లారు. ఆవిడ మూసేద్దామని లేచేసరికి క్లారెన్స్ తిరిగొచ్చాడు, పూర్తి తలతో. తాతగారి వెండి డాలర్ల పెట్టె బల్లమీద పెట్టాడు.

"ఇరవై ఏళ్లుగా ఎవరికి చూపించాలన్నా భయమే. ఐదువేలు వద్దన్న మనిషికి చూపించకపోతే ఇంకెవరికి చూపిస్తాను?"

అతని వెనక మళ్లీ వరస. ఈసారి అటకల మీది పెట్టెలు, సొరుగుల అడుగున దాచిన సంచులు. రెండు వారాలు తిరక్కుండానే ఇంగ్రిడ్ అమ్మకాల మీద వచ్చిన కమీషన్‌తో అద్దె కట్టేసింది. బోర్డును గ్రోవరే స్వయంగా పీకేశాడు.

వెండెల్ మాత్రం ఆ శనివారమే హోటలుకు వెళ్లి, కాఫీ తాగి, మెరిసిపోతున్న తన డాలరు బల్లమీద పెట్టాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసిన హోటలు అమ్మాయి, ఇది ఆటబొమ్మ నాణెంలా ఉందని, నోటుంటే ఇమ్మంది.