దొరసాని కిటికీలోంచి మా ఇళ్ళు

ప్రతి ఊరికీ ఒక విదేశీ దొరసాని ఉండి తీరాలి! బతికున్నదైతే ఖర్చు. నాలుగొందల ఏళ్ళ కిందట పోయినదైతే శ్రేష్ఠం.

నవ్వకండి. చెక్ దేశంలో, మొరావియా ప్రాంతంలో మా ఊరు బొరోవిన్‌కి అలాంటి అదృష్టం పట్టింది. అప్పట్లో మా ఊరి వోక్ దొర గుర్రాలు కొనడానికి స్పెయిన్ వెళ్ళి, గుర్రాల మాట మరిచిపోయి, దోన్యా ఇనెస్ అనే జమీందారు బిడ్డను చేసుకొచ్చాడు. ఆమె బెంగ పెట్టుకోకూడదని ఇటలీ మేస్త్రీలను పిలిపించి కోట కట్టించాడు. వాళ్ళు తమ అలవాటు కొద్దీ ఎండ తగలకుండా షికారు చేసేందుకు చుట్టూ వసారాలు లేపారు. ఆ వసారాల్లోంచి మేము ఏటా మార్చి దాకా మంచు ఎత్తిపోస్తుంటాం. వ్యాయామం ఊరికే వస్తుందా?

ఇక కోట నేల చూడాలి! పాలిష్ ఖర్చు లేదు. వచ్చినవాళ్ళంతా బూట్ల మీద గొంగళి గుడ్డతో కుట్టిన పెద్ద చెప్పులు తొడుక్కుని గదిగదికీ జారుకుంటూ పోవాలి. జర్మనీ నుంచి వచ్చిన జడ్జీలైనా సరే, టికెట్ కొని మరీ మా నేల తుడిచిపోతారు. ఏ రాజుకు దక్కింది ఈ భోగం?

అసలు వరం ఇంకోటుంది. దొరసాని కిటికీలోంచి కనిపించే ఇళ్ళన్నీ ఆమె చూసినట్టే ఉండాలని కోట పరిరక్షణ సంఘం వారి రూలు. అందుకే మా బీరు దుకాణం వాడు టీవీ డిష్‌ను పొగగొట్టంలో దాచాడు. సరిగ్గా గోల్ పడే సమయానికి ఎవడో పొయ్యి రాజేస్తాడు. నేను తలుపుకు ఆకుపచ్చ రంగు వేద్దామంటే, దొరసాని కాలంలో ఆకుపచ్చ లేదన్నారు. అడవికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

మా పక్కింటి యార్మిలా మాత్రం ఈ వరాన్ని గుర్తించలేదు. డెబ్బై దాటిన మనిషి, ఉబ్బసం. సరిగ్గా మంచం మీదే కప్పు కారుతోంది. పాతకాలపు చేతిపెంకులు ఇప్పుడెవరూ చేయడం లేదు, కొత్తవి వేయనివ్వరు. మొన్న గసగసాల బన్నులు బుట్టలో పెట్టుకుని సంఘం అధ్యక్షుడు హైనెక్‌ను కలవడానికి కోటకే బయల్దేరింది. తోడు నేను. ఇద్దరం గొంగళి చెప్పులు తొడుక్కుని దొరసాని గదిలో ఆయన ముందు నిలబడ్డాం.

"హైనెక్ గారూ, రేకులన్నా కప్పుకోనివ్వండి బాబూ. తడికి ఒకటే దగ్గు," అంది యార్మిలా.

"అయ్యయ్యో! దొరసాని చూపు పాడైపోదూ?"

"ఆవిడ పోయి నాలుగొందల ఏళ్ళయింది. నేనింకా పోలేదండీ."

అంతలో గైడు ఓ గుంపును తోలుకొచ్చి, కిటికీ దగ్గర గొంతు సవరించుకున్నాడు. "దోన్యా ఇనెస్ ఈ కిటికీ ఒక్కసారే తెరిపించిందండి. 'ఛీ, ఈ ఊళ్ళో కప్పులన్నీ కారేవే' అని మూయించేసింది. బతికున్నన్నాళ్ళూ మళ్ళీ తెరవనిస్తే ఒట్టు!"

యార్మిలా ముఖం వెలిగింది. "విన్నారా? ఆవిడకి మా ఇళ్ళు చూడ్డమే ఇష్టం లేదు!"

హైనెక్ ముఖం ఇంకా వెలిగింది. "విన్నానమ్మా! కప్పులు అప్పుడూ కారేవన్నమాట. అయితే మీ ఇంటి కారుడు కూడా చారిత్రకమే! దాన్నిప్పుడు ముట్టుకుంటే ఇంకేమన్నా ఉందా?" అని బుట్టలోంచి ఒక బన్ను తీసుకున్నాడు. బాగుందని ఇంకోటీ తీసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. దొరసానికి నచ్చలేదు, కిటికీ మూసుకుంది. యార్మిలా ఏం మూసుకోవాలి?

బయటికి వచ్చేటప్పుడు అందరూ గొంగళి చెప్పులు విప్పి గుమ్మం పక్క పెట్టెలో వేశారు. యార్మిలా వేయలేదు. వాటితోనే మెట్లు దిగి ఇంటికి నడిచింది. నేనూ నావి విప్పలేదు.

కనుక పాఠకులారా, మా ఊరికి తప్పక రండి! కోట చూశాక యార్మిలా ఇంటికీ రండి. అక్కడా గుమ్మంలోనే గొంగళి చెప్పులు ఇస్తుంది. తొడుక్కుని మంచం చుట్టూ ఓసారి జారి వెళ్ళండి. నేల మెరవడానికి కాదు, తడి పీల్చడానికి.